జాబ్ చేస్తూ స్క్రిప్ట్ రాయడం నేర్చుకోవచ్చా? పార్ట్‌టైమ్ కోర్సులో ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్, వయసు 29, పెళ్లయింది, ఇంటి ఈఎంఐ నడుస్తోంది కాబట్టి జాబ్ మానే పరిస్థితి లేదు, కానీ సినిమా కథ రాయాలని గట్టిగా ఉంది. వీకెండ్‌లో ఆరు నెలల స్క్రీన్‌ప్లే కోర్సు ఒకటి చూశారు, ఫీజు 60 వేలు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారట. అది తీసుకోవాలా, తీసుకుంటే ఇండస్ట్రీలో పనికొస్తుందా, క్లాసులో కథ చెప్తే ఎవరైనా కొట్టేస్తారా. ఇవీ మీ మూడు డౌట్లు.

నేను ఒక ప్రొడక్షన్ హౌస్‌లో స్టోరీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. వచ్చిన స్క్రిప్టులు చదవడం, నచ్చినవాటి మీద రైటర్‌తో కూర్చుని డ్రాఫ్ట్ తర్వాత డ్రాఫ్ట్ రాయించడం నా పని. కొన్నేళ్లుగా శని ఆదివారాల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి చిన్న బ్యాచ్‌లు కూడా తీసుకుంటున్నాను.

సూటిగా చెప్పాలంటే, నేర్చుకోవచ్చు, దానికోసం జాబ్ మానక్కర్లేదు. కానీ కోర్సు చూసేటప్పుడు సిలబస్ చూసి డబ్బు కట్టకండి. మీరు రాసిన పేజీలు ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు చదువుతారు, చదివి ఏం రాసిస్తారు, అది కనుక్కుని కట్టండి. సర్టిఫికెట్ సంగతికొస్తే, ఇన్నేళ్లలో ఏ రైటర్నీ సర్టిఫికెట్ చూపించమని మా ఆఫీసులో ఎవరూ అడగలేదు. అడిగేది ఒకటే, "బౌండ్ స్క్రిప్ట్ ఉందా?" అని, అంటే మొదటి సీన్ నుంచి చివరి సీన్ దాకా డైలాగులతో సహా పూర్తిగా రాసిన స్క్రిప్ట్.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, స్క్రిప్ట్ రాయడంలో పాఠంగా చెప్పగలిగింది చాలా తక్కువ. త్రీ యాక్ట్ స్ట్రక్చర్ (కథని మూడు భాగాలుగా నడపడం), ఇన్సైటింగ్ ఇన్సిడెంట్ (కథని కదిలించే మొదటి సంఘటన), మిడ్ పాయింట్ (కథ మధ్యలో వచ్చే మలుపు), క్యారెక్టర్ ఆర్క్ (పాత్రలో వచ్చే మార్పు), ఇవన్నీ నాలుగు వీకెండ్‌లలో చెప్పేయొచ్చు, యూట్యూబ్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, తెలుగులో కావాలంటే పరుచూరి గోపాలకృష్ణ గారు తన ఛానల్‌లో ఎన్నో సినిమాల కథనాలు విడదీసి చెప్పారు, అవి చూడండి. ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా సెకండాఫ్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. నా దగ్గరికి వచ్చే స్క్రిప్టుల్లో ఎక్కువ శాతం ఇంటర్వెల్ వరకు బాగుంటాయి, ఇంటర్వెల్ తర్వాత హీరోకి పని ఉండదు, విలనే వచ్చి కథ నడుపుతుంటాడు. ఇలాంటిది రాసినవాళ్లకి కనిపించదు. బయటి మనిషి చదివి, ఫలానా సీన్ దగ్గర నాకు ఆసక్తి పోయింది, ఎందుకు పోయిందో ఇదీ అని చెప్తే, మీరు వెనక్కెళ్లి తిరగరాస్తే, మళ్లీ ఆయన చదివితే, అప్పుడు వస్తుంది విద్య. స్క్రిప్ట్ డెవలప్‌మెంట్ అంటే ఇదే, రాయడం కంటే తిరగరాయడం ఎక్కువ. అందుకే ఇది పార్ట్‌టైమ్‌లో కుదురుతుంది కూడా. ఒక డ్రాఫ్ట్‌కి ఇంకో డ్రాఫ్ట్‌కి మధ్య ఎలాగూ రెండు మూడు వారాల గ్యాప్ కావాలి, ఆ గ్యాప్‌లో మీరు మీ ఆఫీస్ పని చేసుకోవచ్చు.

ఫీడ్‌బ్యాక్ అంటే ఎలా ఉండాలో ఒకటి చూపిస్తాను. నా బ్యాచ్‌లో బ్యాంకులో పనిచేసే ఒకాయన రాసిన సీన్ ఇది, ఆయన పర్మిషన్ తీసుకునే చెప్తున్నా. కథలో తమ్ముడు ఆన్‌లైన్ ట్రేడింగ్‌లో డబ్బు పోగొట్టుకుని అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాడు. ఆ సంగతి అన్నకి తెలిసే సీన్. మొదటి డ్రాఫ్ట్‌లో మూడు పేజీలుంది. అన్న తమ్ముడి కాలర్ పట్టుకుంటాడు, అమ్మ ఏడుస్తూ అడ్డొస్తుంది, మధ్యలో చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్, నాన్న చనిపోతూ చెప్పిన మాట, చివర్లో అన్న "ఇది బంగారం కాదురా, అమ్మ ప్రాణం" అనే డైలాగ్. చదివితే తప్పు పట్టడానికేం లేదు, కానీ ఇలాంటిది మనం వంద సార్లు చూసేశాం.

నేను సీన్ మార్చి ఇవ్వలేదు. రెండు ప్రశ్నలు రాసి పంపాను. ఆ ఇంట్లో పుస్తెలతాడు లేదనేది కంటికి ఎలా కనిపిస్తుంది? అన్నకి తెలిసిపోయిందని తమ్ముడికి ఎప్పుడు తెలుస్తుంది?

రెండు వారాల తర్వాత వచ్చిన డ్రాఫ్ట్ అర పేజీ. అన్నాదమ్ములు భోజనానికి కూర్చున్నారు, అమ్మ వంగి అన్నం వడ్డిస్తుంటే కొంగు జారి మెడలో పసుపుతాడుకి కట్టిన పసుపు కొమ్ము బయటపడింది. అన్న చూశాడు. అమ్మ గబుక్కున కొంగు సర్దుకుంది. తమ్ముడు తల వంచుకుని కలుపుకుంటూ "అమ్మా, ఇంకొంచెం నెయ్యి వెయ్యి" అన్నాడు. అన్న తన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అంతే సీన్. ఒక్క డైలాగ్ తప్ప మాట లేదు, ఆ డైలాగ్ కూడా నెయ్యి గురించి. మన ఊళ్లలో తాళి బంగారం తాకట్టు పెట్టినప్పుడు ఆడవాళ్లు పసుపు కొమ్ము కట్టుకోవడం ఆయన చిన్నప్పుడు చూసిందే, ఇన్నాళ్లూ అది సీన్‌లో పెట్టొచ్చని తోచలేదు. (నాన్న చనిపోయాడన్నప్పుడు మెడలో తాళి ఎలా ఉంటుందని బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగింది, దాంతో కథలో నాన్నని బతికించి మంచాన పడేశాడు, ఆ ఒక్క ప్రశ్నతో సెకండాఫ్ మొత్తం మారిపోయింది. బ్యాచ్‌లో తోటివాళ్లు ఉండటం ఎందుకు మంచిదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.)

ఇప్పుడు మీ 60 వేల కోర్సు సంగతి. వాళ్లకి ఫోన్ చేసి ముందు బ్యాచ్‌లో ఎంతమంది అని అడగండి. పాతిక మందిని తీసుకుని, ఒక్కొక్కళ్లూ వంద పేజీలు రాస్తే ఒక్క డ్రాఫ్ట్‌కే 2500 పేజీలు చదవాలి. రెండో డ్రాఫ్ట్ కూడా చదువుతామంటే 5000. ఒక్క టీచర్ అది చెయ్యలేడు, చేస్తానన్నా నమ్మొద్దు. పది పన్నెండు మందికి మించితే ఇద్దరు చదివేవాళ్లుండాలి. తర్వాత, నోట్స్ రాసి ఇస్తారా లేక క్లాసులో నోటితో చెప్పేస్తారా అడగండి, రాసి ఇవ్వడమే కావాలి, నోటితో చెప్పింది ఇంటికెళ్లేసరికి సగం మర్చిపోతాం. వీలైతే పాత స్టూడెంట్ ఒకరికి ఇచ్చిన నోట్స్, ఆ స్టూడెంట్ ఒప్పుకుంటే, చూపించమనండి. అందులో "బాగుంది, ఎమోషన్ పెంచండి, ఇంకా గ్రిప్పింగ్‌గా ఉండాలి" లాంటివి తప్ప ఏం లేకపోతే ఆ కోర్సు వద్దు. ఏ పేజీలో ఏ సీన్‌లో ఏమైందో రాసుంటే మంచిది.

గెస్ట్ లెక్చర్లు చూసి మోసపోకండి. పేరున్న డైరెక్టర్ వచ్చి రెండు గంటలు తన జర్నీ చెప్పి వెళ్తే ఉత్సాహం వస్తుంది, కాదనను, కానీ మీ స్క్రిప్ట్‌లో ఒక్క లైన్ కూడా కదలదు. అలాగే "కోర్సు అయ్యాక ప్లేస్‌మెంట్" అంటే అక్కడే ఆగిపోండి. మన దగ్గర రైటర్‌కి ప్లేస్‌మెంట్ అనేది లేదు.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకోటి చాలా ముఖ్యం, దీన్ని బయటి కోర్సులు అస్సలు పట్టించుకోవు. మన దగ్గర స్క్రిప్ట్ చదివేవాళ్ల కంటే వినేవాళ్లు ఎక్కువ. ప్రొడ్యూసర్ అయినా హీరో అయినా నరేషన్ వింటారు. రెండు గంటలు కూర్చోబెట్టి సీన్ బై సీన్ చెప్పగలగాలి, అదే కథని అరగంటలో చెప్పగలగాలి, కారు ఎక్కేలోపు చెప్పమంటే ఐదు నిమిషాల్లో కూడా చెప్పగలగాలి. మంచి డ్రాఫ్ట్ చేతిలో ఉండి కూడా నరేషన్‌లో తడబడి వెనక్కొచ్చినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి కోర్సులో నరేషన్ ప్రాక్టీస్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే నెలకోసారి నలుగురు ఫ్రెండ్స్‌ని పోగేసి చెప్పండి, సినిమా పిచ్చి ఉన్నవాళ్లనే కాదు, అసలు సినిమాలు పెద్దగా చూడని వాళ్లని కూడా పిలవండి. చెప్తున్నప్పుడు వాళ్లు ఎక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నారో గుర్తు పెట్టుకుని, ఇంటికెళ్లి ఆ సీన్ నంబర్ పక్కన టిక్ పెట్టుకోండి.

జాబ్‌తో టైమ్ ఎలా అంటారా. వారానికి ఎనిమిది నుంచి పది గంటలు చాలు, కానీ అది ఒకేసారి ఆదివారం కూర్చుని చేద్దామంటే కుదరదు. ఆదివారం పెళ్లిళ్లుంటాయి, చుట్టాలొస్తారు. పొద్దున్నే గంట పెట్టుకున్నవాళ్లే పూర్తి చేయడం చూశాను నేను. ఇంట్లోవాళ్లకి కూడా ముందే చెప్పి ఒప్పించండి, ఈ గంట నన్ను పిలవొద్దు అని.

మొదటి రెండు నెలలు మీ కథ ముట్టుకోకండి. మీకు బాగా నచ్చిన తెలుగు సినిమా ఒకటి పెట్టుకుని పాజ్ చేస్తూ సీన్ ఆర్డర్ రాయండి. సీన్ నంబర్, ఎన్నో నిమిషంలో మొదలైంది, ఎవరికి ఏం కావాలి, సీన్ అయ్యేసరికి ఏం మారింది. ఈ నాలుగే కాలమ్స్. రెండున్నర గంటల సినిమా ఒకటి అయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది, బోర్ కొడుతుంది, అయినా చేయండి. ఒకటి హిట్ సినిమా చేస్తే ఇంకోటి మీకు సెకండాఫ్ నచ్చని సినిమా చేయండి. "ఏం మారింది" అనే కాలమ్‌లో వరసగా నాలుగైదు సీన్లు ఖాళీగా ఉన్నచోటే థియేటర్లో జనం పాప్‌కార్న్‌కి లేచారని మీకే అర్థమవుతుంది. దాని తర్వాత పది పన్నెండు పేజీల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ ఒకటి మొదలుపెట్టి పూర్తి చేయండి, పూర్తి చేయడం అలవాటవ్వాలి. అప్పుడు పెద్ద కథ. రెండు లైన్లలో కథ చెప్పే లాగ్‌లైన్, ఒక పేజీ సినాప్సిస్ (సారాంశం), పది పదిహేను పేజీల ట్రీట్‌మెంట్ (డైలాగులు లేకుండా కథంతా వివరంగా), వన్ లైన్ ఆర్డర్ (ఒక్కో సీన్‌కి ఒక్కో లైన్ చొప్పున లిస్ట్), చివరికి డైలాగ్ వెర్షన్. చాలామంది ఉత్సాహంలో నేరుగా డైలాగ్ వెర్షన్‌కి వెళ్లిపోతారు, ఎందుకంటే రాస్తుంటే మజా అక్కడే ఉంటుంది. కానీ వన్ లైన్ ఆర్డర్‌లో సీన్ తీసేయడం ఒక్క నిమిషం పని, డైలాగ్ రాశాక అదే సీన్ తీయాలంటే ప్రాణం ఒప్పదు.

ఫార్మాట్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఇంగ్లీష్ స్క్రిప్టుల్లో కొరియర్ ఫాంట్ 12 సైజులో పేజీకి నిమిషం అనే లెక్క ఉంటుంది, తెలుగు లిపిలో రాస్తే ఆ లెక్క సరిగ్గా పనిచెయ్యదు. మన దగ్గర ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగ్ పెట్టి రాసే పాత పద్ధతి ఇంకా నడుస్తోంది, రెండూ ఓకే. తెలుగులో టైప్ చేసుకుని స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌లో రావాలంటే స్క్రైట్ అనే మన దేశపు సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో తెలుగు బాగానే వస్తుంది. ఒక్కటి మాత్రం, ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో రాయకండి. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, బయటి పనుల గురించి, మీరు తయారు చేసిన వాటి హక్కుల గురించి ఏం రాసుందో చదవండి, కొన్ని కంపెనీల్లో ఆ క్లాజులు చాలా గట్టిగా ఉంటాయి.

హైదరాబాద్ ప్రైవేట్ కోర్సులే కాకుండా ఇంకొన్ని దారులున్నాయి. పుణేలో 1960లో మొదలైన ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్ ఎఫ్‌టీఐఐ వాళ్లు రెగ్యులర్ కోర్సులు కాకుండా 2017 నుంచి స్కిఫ్ట్ పేరుతో వేర్వేరు ఊళ్లలో షార్ట్ కోర్సులు పెడుతున్నారు, స్క్రీన్‌ప్లే మీద కూడా ఉంటాయి, వాళ్ల వెబ్‌సైట్ చూస్తుండండి. మీ లీవులు పోగు చేసుకుంటే ఇలాంటివి అందుతాయి. చేతిలో డ్రాఫ్ట్ ఉన్నాక చూడాల్సింది ల్యాబ్‌లు, అంటే ఎంపిక చేసిన స్క్రిప్టుల్ని మెంటర్లతో మెరుగుపరిచే వర్క్‌షాప్‌లు. కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ వాళ్ల స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ 2007లో మొదలైంది, కొన్ని స్క్రిప్టులే ఎంచుకుంటారు, మెంటర్‌తో విడతలు విడతలుగా పని చేయిస్తారు, మధ్యలో మీరు ఇంటికొచ్చి తిరగరాసుకోవాలి. ఇటలీలో టొరినో ఫిల్మ్ ల్యాబ్ కూడా 2008 నుంచి ఇదే పద్ధతి, ఏడాదిలో కొన్ని రోజుల వర్క్‌షాప్‌లు, మిగతా టైమ్ సొంతంగా రాసుకోవడం. అక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే రైటర్లతో పాటు స్టోరీ ఎడిటర్లుగా శిక్షణ పొందేవాళ్లని కూడా తీసుకుంటారు, అంటే ఇంకొకళ్ల స్క్రిప్ట్‌ని మెరుగుపరచడం అనేది ఒక వృత్తిగా నేర్పుతారు. ఇలాంటి గట్టి ల్యాబ్‌లు కూడా పార్ట్‌టైమ్ పద్ధతిలోనే ఉన్నాయని దీన్ని బట్టి గమనించండి, ఉద్యోగం ఉంది కాబట్టి నాది సగం చదువు అని మీరు చిన్నబోవక్కర్లేదు. ఇలాంటి ల్యాబ్‌లకి ఇంగ్లీష్ డ్రాఫ్ట్ అవసరం పడుతుంది, అది గుర్తుంచుకోండి.

ఆ స్టోరీ ఎడిటర్ పని గురించే ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే ఉద్యోగం చేసేవాళ్లకి ఇండస్ట్రీలోకి రావడానికి ఇది మంచి గుమ్మం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రొడక్షన్ హౌస్‌లకి, ఓటీటీలకి కుప్పలు కుప్పలుగా స్క్రిప్టులు వస్తాయి, చదివి కవరేజ్ రాసేవాళ్లు కావాలి. కవరేజ్ అంటే రెండు మూడు పేజీల రిపోర్ట్. లాగ్‌లైన్, కథ సారాంశం, ఏది పనిచేస్తోంది ఏది చెయ్యట్లేదు, చివర్లో తీసుకోవచ్చా వద్దా మళ్లీ రాయించాలా అన్న మాట. ఈ పని రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు. డబ్బు పెద్దగా ఉండదు, కానీ నెలకి నాలుగైదు స్క్రిప్టులు చదివితే మీ రాత మారిపోతుంది, ఆ ఆఫీసులో నలుగురికి మీ పేరు తెలుస్తుంది. దీనికి ప్రాక్టీస్‌గా కోర్సులో మీ తోటివాళ్ల స్క్రిప్టులకి కవరేజ్ రాయండి. నా బ్యాచ్‌లో నేను ఇది తప్పనిసరి చేశాను. మాకు ఇప్పుడు స్క్రిప్టులు చదివిపెట్టేవాళ్లలో ఒకమ్మాయి పగలు స్కూల్లో లెక్కలు చెప్తుంది, ఆమె రాసే రిపోర్టులు మా ఆఫీసులో అందరికన్నా నిక్కచ్చిగా ఉంటాయి.

పార్ట్‌టైమ్‌లో కుదరనివి కూడా చెప్పాలి. డైరెక్షన్ మీ గమ్యం అయితే ఏడీగా (అసిస్టెంట్ డైరెక్టర్‌గా) సెట్‌లో పనిచేయాలి, అది పొద్దున్న ఐదింటికి మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలియని పని, జాబ్‌తో జరగదు. పెద్ద సినిమాల స్టోరీ సిట్టింగ్స్ (డైరెక్టర్, రైటర్లు కలిసి కథ మీద కూర్చోవడం) కూడా వారం మధ్యలో, మధ్యాహ్నాలు, ఫిల్మ్‌నగర్‌లోనో మణికొండలోనో నడుస్తాయి. ఆ స్టేజ్ వచ్చినప్పుడు ఉద్యోగం గురించి ఆలోచించండి, ఇప్పుడే కాదు. చేతిలో రెండు పూర్తి స్క్రిప్టులు, ఏడాది ఖర్చులకి డబ్బు, డబ్బు ముట్టిన ఒక అగ్రిమెంట్, ఈ మూడూ ఉన్నప్పుడు. "నువ్వు జాబ్ మానేసి వచ్చెయ్, చూసుకుంటా" అనే మాట మీద మాత్రం మానకండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు కాబట్టి ఒక మాట. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఆన్‌లైన్ బ్యాచ్ కుదురుతుంది, మనకి శనివారం రాత్రి ఎనిమిది అంటే వేసవిలో డాలస్‌లో అదే రోజు పొద్దున తొమ్మిదిన్నర. కెమెరా ఆన్ చేసి, ఒకళ్ల సీన్ ఇంకొకళ్లు గట్టిగా చదివే పద్ధతి ఉన్న బ్యాచ్ చూసుకోండి. మన డైలాగ్ వేరే నోట్లో పడితేనే ఎక్కడ కృతకంగా ఉందో వినిపిస్తుంది.

చివరిగా కథ కొట్టేస్తారనే భయం. క్లాసులో కథ చెప్పకపోతే ఫీడ్‌బ్యాక్ రాదు, కాబట్టి చెప్పాల్సిందే, జాగ్రత్తలు తీసుకుని చెప్పండి. ముందు తెలుసుకోవాల్సింది, ఐడియాకి కాపీరైట్ ఉండదు. తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని ఆర్.జి.ఆనంద్ అనే నాటక రచయిత వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, రక్షణ ఉండేది మీరు దాన్ని కథగా మలిచి రాసిన తీరుకే. అందుకే "ఒకడు చనిపోయి మళ్లీ వస్తాడు" అనే పాయింట్ దాచుకుని లాభం లేదు, దాన్ని ట్రీట్‌మెంట్‌గా, డ్రాఫ్ట్‌గా రాసేయండి. రాశాక హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో ఆన్‌లైన్‌లో గానీ రిజిస్టర్ చేసుకోవచ్చు. కేంద్ర కాపీరైట్ ఆఫీసులో అయితే సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, టైమ్ పడుతుంది కానీ కోర్టులో దానికి బరువెక్కువ. ఎవరికి పంపినా వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో పిడిఎఫ్ పంపండి, తేదీ ఉంటుంది. అగ్రిమెంట్ దాకా వెళ్తే ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి హక్కులిస్తున్నారో రాసి ఉండాలి. రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్లు, భారతదేశం వరకే అని లెక్క. అందుకే మీకిచ్చే కాగితంలో "శాశ్వతంగా, ప్రపంచమంతా" అని ఉండే అవకాశం ఎక్కువ, సంతకానికి ముందు లాయర్‌కి చూపించండి. కోర్సు వాళ్ల అప్లికేషన్ ఫారం కూడా చదవండి. స్టూడెంట్లు రాసినవాటి మీద హక్కు సంస్థదే అని ఎక్కడైనా ఉంటే ఆ లైన్ కొట్టించాకే డబ్బు కట్టండి.

మీరు చెప్పిన కోర్సుకి డెమో క్లాస్ ఉంటే వెళ్లండి. బ్యాచ్ సైజు, నోట్స్ రాసిస్తారా, రెండో డ్రాఫ్ట్ చదువుతారా, నరేషన్ ఉందా, ఈ నాలుగూ అడిగి వాళ్లేం చెప్పారో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. ఈలోపు సీన్ ఆర్డర్‌కి సినిమా ఏది తీసుకున్నారో కూడా రాయండి.